తెల్లవారుజామున నాలుగున్నరకి తొట్టి దగ్గర

మే నెలలో మా ఇంటికి ఎవరొచ్చినా పెరట్లో చేపల తొట్టి చూడగానే అడిగే మాట ఒకటే, "ఈ ఎండకి ఇవి ఉడికిపోవా?" అని. విజయవాడ ఎండ తెలిసినవాళ్లు ఇంకేం అడుగుతారు. నేనూ మొదటి రెండేళ్లు అదే భయంతో, మధ్యాహ్నం మూడింటికి నెత్తిన తువ్వాలు వేసుకుని థర్మామీటరు పట్టుకుని తొట్టి చుట్టూ తిరిగాను. ఇప్పుడు మధ్యాహ్నం హాయిగా పడుకుంటాను. మేలుకోవాల్సింది ఆ టైంలో కాదు, తెల్లవారుజామున అని నాకు చాలా ఆలస్యంగా, చాలా చేపలు పోయాక తెలిసింది. ఇంకొకరికి అలా కాకూడదనే ఇంత పొడుగు రాస్తున్నాను.

మా తొట్టికి పెద్ద హంగేమీ లేదు. బావులకి వేసే సిమెంటు ఒరలు, 4 అడుగుల వెడల్పువి రెండు, ఒకదాని మీద ఒకటి పెట్టించి అడుగున, అతుకు దగ్గర సిమెంటు పూయించాం. 600 లీటర్ల పైనే పడతాయి. కొత్త సిమెంటు నుంచి సున్నం దిగుతుంది, దాంట్లో చేపలు వదిలితే బతకవు, అందుకే నెలరోజులు నీళ్లు నింపడం, అరటి బోదె ముక్కలు కోసి నానబెట్టడం, మళ్లీ పారబోయడం ఇదే పని. ఆ తర్వాత ఒక కుండీలో కలువ, నాలుగు గుప్పెళ్ల నాచు, పైన కాస్త అంతర తామర వేశాను. చేపలు గప్పీలు, మాలీలు, ప్లాటీలు, ఒక పది జీబ్రాలు, రెండు గౌరామీలు. ఇవన్నీ వేడి దేశాల చేపలే. అసలు మన షాపుల్లోకి వచ్చే చేపలు చాలావరకు చెన్నై కొళత్తూరు వైపు నుంచో కోల్‌కతా నుంచో వస్తాయి, కొళత్తూరు వైపు వీటిని పెంచేది కూడా ఆరుబయట సిమెంటు తొట్లలోనే. గాజు పెట్టెలో లైటు కింద పుట్టాయని మనం అనుకుంటాం కానీ వాటికి ఎండావానా కొత్త కాదు.

మా అక్క షికాగో దగ్గర ఉంటుంది. అదీ గప్పీలు పెంచుతుంది, జూన్‌లో చలి పూర్తిగా పోయాక వాటిని వెనక వాకిట్లో పెద్ద టబ్బులోకి మార్చి సెప్టెంబరులో మళ్లీ లోపలికి తెచ్చుకుంటుంది. దానికి టెన్షన్ అంతా రాత్రి చల్లబడిపోతుందేమో అని. నాకు రాత్రి చల్లబడదేమో అని. ఫోన్‌లో ఇద్దరం ఒకే చేపల గురించి మాట్లాడుకుంటాం, భయాలు మాత్రం తలకిందులు.

మొదటి వేసవిలో నేను చేసిన పెద్ద తప్పు గోల్డ్ ఫిష్ వేయడం. అందరి ఇళ్లలోనూ ఉంటుంది కదా, గట్టి చేప అనుకున్నాను. అది చల్లటి నీళ్ల చేప, మన మే నెల దాని కోసం కాదు. ఏప్రిల్ చివరికల్లా మేత మానేసి అడుగున ఒక మూల ఒదిగి కూర్చునేవి, మూడింటిలో ఒక్కటీ మిగల్లేదు. వేసవి దాటించాలని ఉంటే గోల్డ్ ఫిష్ బయట పెట్టకండి. నియాన్ టెట్రాలు కూడా వద్దు.

రెండో తప్పు ఇంకా బాధ. ఒక మధ్యాహ్నం తొట్టిలో నీళ్లు తగ్గాయని, చల్లగా ఉంటుందని, డాబా మీద నల్ల ట్యాంకు నుంచి వచ్చే కుళాయికి పైపు పెట్టి వదిలాను. అదృష్టం కొద్దీ చెయ్యి అడ్డం పెట్టి చూశాను, కానీ అప్పటికే ఒక బకెట్టెడు పడిపోయింది. ఎండలో పడి ఉన్న పైపులోని నీళ్లు, ట్యాంకులోని నీళ్లు చెయ్యి కాలేంత వేడి. పైపు మూతి దగ్గర కొత్త నీళ్లొచ్చాయని ఆశగా చేరిన గప్పీలు, వాటికి ధార అంటే ఇష్టం కదా, అవే ముందు పోయాయి. తోకలు విప్పుకుని వచ్చినవి వచ్చినట్టే పక్కకి ఒరిగిపోయాయి. అప్పటి నుంచి మా ఇంట్లో నీళ్లు పోసేది రాత్రి పది దాటాకే, అదీ ముందురోజు బకెట్లలో పట్టి పెట్టుకున్నవి. మున్సిపల్ నీళ్లయితే క్లోరిన్ కూడా ఎంతో కొంత పోతుంది.

ఎండ విషయం తొందరగా చెప్పేస్తాను, ఎందుకంటే అది నిజంగా తేలిక. పొద్దుటి ఎండ మంచిది, కలువ పూయాలంటే కావాలి కూడా. చెడ్డది పడమటెండ. మా తొట్టి మొదట పడమటి గోడ పక్కన ఉండేది, ఆ గోడ పగలంతా కాగి రాత్రి పదకొండింటికి కూడా సెగ కొట్టేది. గ్రీన్ నెట్ కట్టకముందు మధ్యాహ్నం పైన నీళ్లు 36 డిగ్రీలు, అడుగున 32 చూపించింది. నెట్ పడమటి వైపు కిందిదాకా దించి, పైన రెండు కొబ్బరి మట్టలు వేశాక పైన కూడా 32 దాటలేదు. గప్పీలు, మాలీలు దీన్ని మామూలుగానే తట్టుకుంటాయి. రెండడుగుల లోతు ఉండాలి, అడుగున ఒకటి రెండు పగిలిన కుండలు బోర్లించి పెడితే మధ్యాహ్నం వాటి కిందికి పోయి కూర్చుంటాయి. ఐసు బాటిళ్లు వేయడం మాత్రం నాకు నచ్చదు. వేడి కంటే ఆ ఎక్కీదిగే వేడి వాటిని ఎక్కువ దెబ్బ తీస్తుంది. కూజాకి తడిగుడ్డ చుట్టినట్టు తొట్టికి తడి గోనెసంచులు చుడితే సిమెంటు నెమ్మదిగా చల్లబడుతుంది, అయితే ఇది హైదరాబాదు, కర్నూలు లాంటి పొడి ఎండలో పనిచేసినంతగా మా కోస్తా ఉక్కపోతలో పనిచేయదు.

ఇవన్నీ చేశాక కూడా రెండో ఏడు వరసగా చేపలు పోవడం మొదలైంది. రోజుకి మూడు, ఒక రోజు ఆరు. ఒంటి మీద మచ్చ లేదు, గాయం లేదు, పొద్దున ఏడింటికి వెళ్లి చూస్తే పెద్దవి తేలి ఉండేవి, చిన్న పిల్లలు మాత్రం ఏమీ కానట్టు తిరిగేవి. మధ్యాహ్నం థర్మామీటరు పెడితే 31. ఏం అర్థం కాలేదు. షాపులో అడిగితే ఏదో నీలం మందు ఇచ్చారు, అది వేశాక మర్నాడు ఇంకా ఎక్కువ పోయాయి.

అప్పుడు మా బాబాయ్‌కి ఫోన్ చేశాను. ఆయనకి కైకలూరు దగ్గర చేపల చెరువులున్నాయి, బొచ్చె, రోహు వేస్తారు. నా గప్పీలంటే ఆయనకి చిన్నపిల్లల ఆట అని నా అనుమానం, అందుకే అప్పటిదాకా అడగలేదు.

"నీళ్లు ఏ రంగులో ఉన్నాయమ్మా?"

"పచ్చగా, తోటకూర ఉడికించిన నీళ్లలాగా."

"నువ్వు పొద్దున ఎన్నింటికి చూస్తున్నావు?"

"ఏడింటికి."

"ఏడింటికి చూస్తే చచ్చినవే కనపడతాయి. నాలుగింటికి లేచి చూడు. పైకొచ్చి నోళ్లు తెరుస్తున్నాయంటే గాలి అందట్లేదని. జబ్బూ లేదు, గిబ్బూ లేదు."

మర్నాడు నాలుగున్నరకి టార్చి పట్టుకుని వెళ్లాను. ఆ దృశ్యం ఇప్పటికీ కళ్లముందే ఉంది. మాలీలన్నీ ఒంటిని ఏటవాలుగా పైకెత్తి, మూతులు సరిగ్గా నీటి పొరకి ఆనించి, గుండ్రంగా నోరు తెరిచి మూస్తున్నాయి. లైటు పడినా ఒక్కటీ కదల్లేదు, మామూలుగా నీడ పడితే చాలు చెల్లాచెదురయ్యే చేపలు. ఆ నిశ్శబ్దంలో చిన్న చప్పుడు, మరుగుతున్న చారు మీద బుడగలు పగిలినట్టు. గౌరామీలు రెండూ మాత్రం తీరిగ్గా పైకొచ్చి ఒక గుక్క గాలి తీసుకుని కిందికి పోతున్నాయి. కొర్రమీనులాగే వాటికి పైగాలి పీల్చుకునే ఏర్పాటు ఉంది, అందుకే నీళ్లలో గాలి లేకపోయినా వాటికి బాధ లేదు. వేసవికి కొత్తగా తొట్టి మొదలుపెట్టేవాళ్లకి గౌరామీలు వేయమని నేను చెప్పేది దీనికే.

జరిగేదేమిటంటే, నీళ్లు వేడెక్కేకొద్దీ ఆక్సిజన్ పట్టి ఉంచే శక్తి తగ్గుతుంది. 25 డిగ్రీల దగ్గర లీటరుకి 8 మిల్లీగ్రాముల పైచిలుకు కరుగుతుంది, 35 దగ్గర 7కి అటూఇటూ. ఈ ఒక్క తేడాకే చేప చావదు. కానీ వేడికి చేప ఒంట్లో అన్నీ స్పీడుగా జరుగుతాయి, దానికి గాలి ఎక్కువ కావాలి. దానికి తోడు ఆ పచ్చ నీళ్లు. ఆ పచ్చదనం అంతా కంటికి కనపడని పాచి మొక్కలే, పగలు ఎండలో ఆక్సిజన్ తయారుచేసేవి అవే, రాత్రంతా దాన్ని పీల్చుకునేవీ అవే. నాచూ అంతే, అడుగున కుళ్లే ఆకులూ మిగిలిన మేతా సరేసరి. రాత్రంతా ఖర్చే, జమ లేదు. సూర్యుడు రాకముందు గంట ఉంటుందే, అప్పుడు ఖాతా అడుగంటుతుంది. పెద్ద చేపకి ఎక్కువ కావాలి కాబట్టి అది ముందు పోతుంది. చిన్నపిల్లలు నీటి పొరకి అంటుకుని ఉండే సన్నటి గాలితోనే గడిపేస్తాయి.

ఇది తెలిశాక నేను కొన్న వస్తువుల్లో ఏది పనికొస్తుందో ఏది రాదో తేటగా కనిపించింది. అందరూ ముచ్చటపడే సోలార్ ఫౌంటెన్ ఉంది కదా, మిట్టమధ్యాహ్నం పాచి దండిగా ఆక్సిజన్ తయారుచేస్తున్నప్పుడు అది జోరుగా చిమ్ముతుంది, చీకటి పడగానే ఆగిపోతుంది. చూడ్డానికి బాగుంటుంది, చేపకి అవసరమైన గంటలో మాత్రం ఉండదు. రాత్రి ఎనిమిది నుంచి పొద్దున ఏడు దాకా నడిచే మామూలు గాలి పంపు, కరెంటు పోతే అందుకునే బ్యాటరీ పంపు ఇంకోటి, ఈ రెండూ ఉంటే చాలు. పచ్చదనం తగ్గించాలంటే నీడ పెంచి, మేత తగ్గించాలి. మే నెలలో నేను మేత పొద్దున ఎనిమిది తర్వాత ఒకసారే వేస్తాను, రెండు నిమిషాల్లో తినేసేంత, సాయంత్రం అసలు వేయను. తిననిది కుళ్లి అమోనియా అవుతుంది, వేడి నీళ్లలో దాని విషం ఇంకా ఎక్కువ. ఊరెళ్లేటప్పుడు పక్కింటివాళ్లకి మేత డబ్బా అప్పగించకండి, వాళ్లు ప్రేమకొద్దీ గుప్పెడు వేస్తారు. తొట్టిలో దోమ పిల్లలుంటాయి, పాచి ఉంటుంది, వారం రోజులు అవే చూసుకుంటాయి.

ఇంకో సంగతి, ఆవిరైపోయిన నీళ్లకి బదులు బోరు నీళ్లు పోస్తూ పోతే ఉప్పులు పేరుకుపోతాయి, ఎందుకంటే పైకి పోయేది నీళ్లే, ఉప్పు తొట్టిలోనే ఉంటుంది. మా దగ్గర మే నెలలో రోజుకి సెంటీమీటరు దాకా దిగుతుంది. అందుకే వారానికోసారి ఐదో వంతు నీళ్లు తీసి జామచెట్టుకి పోసి, తర్వాత నింపుతాను. ఆ జామకాయల రుచి గురించి వేరే పోస్టు రాయాలి.

బాబాయ్ చెప్పిన రెండో మాట మరుసటి ఏడు అక్కరకొచ్చింది. "ఎండ కాసినన్నాళ్లు భయం లేదు. మండే ఎండలో ఒకరోజు మబ్బేసిందా, ఆ రాత్రి మేం ఎవరం పడుకోం" అన్నారు. పగలు మబ్బుంటే పాచికి ఎండ ఉండదు, ఆక్సిజన్ తయారవదు, రాత్రికి నిల్వ తక్కువ. పైగా ఈదురుగాలీ చల్లటి వానా పడితే పైనీళ్లు బరువెక్కి కిందికి దిగుతాయి, అడుగున ఉన్న మురుగు నీళ్లు పైకొస్తాయి. రోహిణి కార్తెలో సరిగ్గా అలాంటి వాన పడింది. రాత్రి పదింటికి కరెంటు పోయింది, బ్యాటరీ పంపు రెండింటికి ఆగిపోయింది. నాలుగింటికి వెళ్లేసరికి మూతులన్నీ పైనే. స్టీలు చెంబు తీసుకుని తొట్టిలో నీళ్లే ముంచి భుజం ఎత్తు నుంచి పోయడం మొదలుపెట్టాను, ముంచడం, పోయడం, ముంచడం, పోయడం. ధార పడి బుడగలు లేచిన చోటికి చేపలు ఒక్కొక్కటే చేరాయి. మా ఆయన లేచి వచ్చి రెండో చెంబు అందుకున్నారు. తూరుపు తెల్లబడి ఆరున్నర అయ్యేదాకా వంతులవారీగా పోశాం. రెండు మాలీలు పోయాయి, మిగతా అరవై పైచిలుకు బతికాయి. ఆ రోజంతా చెయ్యి లేవలేదు.

వానలు మొదలయ్యే ముందు ఒక్క పని తప్పకుండా చేయండి. చేపలు వాన నీళ్లతో బయటికి కొట్టుకుపోకుండా, తొట్టి అంచు కింద నీళ్లు పొంగిపోయే గొట్టానికి సన్నటి జాలీ బిగించండి. పెరిగిపోయిన చేపల్ని కాలవలో వదిలేయడం కూడా దయ కాదు, అక్వేరియంల నుంచి బయటపడ్డ సక్కర్ చేప ఇప్పుడు మన చెరువుల్లో దెయ్యం చేప అయి కూర్చుంది, మా బాబాయ్ వాళ్ల వలలు చింపేది అదే. గప్పీలు ఎక్కువైతే పక్కవీధి పిల్లలకి ఇవ్వండి, సీసాలో వేసి ఇస్తే ఎగిరి గంతేస్తారు.

ఇవాళ సాయంత్రం నుంచి మా దగ్గర గాలి స్తంభించింది, ఆకు కదలడం లేదు. బ్యాటరీ పంపు చార్జింగులో పెట్టాను, మేత వేయలేదు, చెంబు తొట్టి గట్టు మీదే ఉంది. అలారం నాలుగింటికి. ఇప్పుడే బాబాయ్ మెసేజ్: "ఇక్కడ ఉరుములు మొదలయ్యాయి, చూసుకో అమ్మా."