పద్మిని ఎందుకు స్టార్ట్ కావట్లేదో తెలిసింది: పెట్రోల్ లైనులోకి గాలి

దొరికింది! రెండు మూడు రోజులు కదపకపోతే నా ప్రీమియర్ పద్మిని కారు మొండికేయడానికి కారణం ట్యాంకులోంచి పెట్రోల్ లాగే పంపు కాదు, పెట్రోల్‌ని గాలితో కలిపే కార్బురేటర్ కాదు. డిక్కీలో ట్యాంకు పక్కనున్న జానెడు రబ్బరు పైపు.

స్పార్క్ బాగుంది. కార్బురేటర్‌లో కాస్త పెట్రోల్ పోస్తే వెంటనే అందుకుని, కొన్ని సెకన్లకే ఆగిపోయేది. పంపు డయాఫ్రమ్ (లోపల ఆడే పొర), వాల్వులు మార్చినా తేడా లేదు. ఇక కొలవాల్సిందే అనుకున్నా.

ఇంజన్ అందుకోకుండా కాయిల్ వైరు తీసేసి, పంపు అవుట్‌లెట్ పైపును సీసాలో పెట్టి 15 సెకన్లు సెల్ఫ్ కొట్టాను. 10 మి.లీ. కూడా రాలేదు, అదీ నురగతో. తర్వాత ట్యాంకు లైను విప్పేసి, కొత్త పైపుతో క్యానులోంచి పెట్రోల్ లాగించాను. అదే 15 సెకన్లకు 70 మి.లీ.! గేజ్‌లో 3 పీఎస్ఐ, ముల్లు నిలకడగా ఉంది. ట్యాంకు లైనుతో అయితే 1 దగ్గర ఊగుతూనే ఉంది.

అంటే తేడా పంపుకి వెనకాలే. చేతి వ్యాక్యూమ్ పంపుతో లైనును ముక్కముక్కగా పరీక్షించాను. పంపు దగ్గరి రబ్బరు 10 అంగుళాల (పాదరసం లెక్కన) వ్యాక్యూమ్‌ను కదలకుండా పట్టుకుంది. కింద పొడవునా ఉన్న లోహపు పైపూ పట్టుకుంది. ట్యాంకు వైపు రబ్బరు మాత్రం 20 సెకన్లలో సున్నాకి పడిపోయింది. పైకి తడి లేదు, వాసన లేదు. క్లిప్ విప్పి పైపును వంచితే, సరిగ్గా క్లిప్ కింద సన్నని పగుళ్లు!

నాకు తోచింది ఇది: బండి ఆగి ఉన్నప్పుడు ఆ పగుళ్లలోంచి గాలి దూరి లైనులోని పెట్రోల్ వెనక్కి ట్యాంకులోకి జారిపోతుంది, ఎండకు కార్బురేటర్ బౌల్ (అందులో పెట్రోల్ నిలిచే గిన్నె) ఎండిపోతుంది. ఇంజన్ తిరుగుతున్నప్పుడు పంపు వేగంగా కొడుతుంది కాబట్టి ఆ కాస్త గాలినీ తట్టుకుంటుంది, సెల్ఫ్ వేగానికి తట్టుకోలేదు. ట్యాంకు నిండుగా ఉంటే స్టార్ట్ అవడానికీ ఇదే కారణం కావచ్చు, పంపు లాగాల్సిన ఎత్తు తగ్గుతుంది కదా. పాతకాలపు రబ్బరుకు 20 శాతం ఇథనాల్ కలిసిన పెట్రోల్ పడదు, నా అనుమానం దానిమీదే.

కొత్త పైపు వేశాక మొదటి సెల్ఫ్‌కే అందుకుంది.

పైపు కొనేటప్పుడు ఎస్ఏఈ జే30ఆర్9 (పెట్రోల్ పైపుల నాణ్యతా ప్రమాణం) అని ముద్ర ఉన్నదే తీసుకోండి. గేట్స్ బారికేడ్ బ్రాండు పైపు ఖరీదెక్కువే అయినా నా ఓటు దానికే. మీటరు లెక్కన అమ్మే పారదర్శక ప్లాస్టిక్ పైపు పెట్రోల్‌కి గట్టిపడి చిట్లుతుంది, పరీక్షకు తప్ప వాడొద్దు. పళ్లున్న క్లిప్పులు రబ్బరును కోస్తాయి, అంచు నున్నగా ఉన్నవి మేలు. ఎలక్ట్రిక్ పంపు పెట్టించుకోమని ఓ మెకానిక్ అన్నారు. నాకిష్టం లేదు. లీకు అలాగే ఉంటుంది, పైగా ఇంజన్ ఆగాక కూడా పంపు ఆడుతూ ఉండకుండా కట్-ఆఫ్ స్విచ్ కావాలి.

ఇక ట్యాంకు దింపి అడుగున ఏముందో చూడాలి, ఫిల్టర్‌లో ఎర్రటి తుప్పు కనబడుతోంది. ఎండాకాలం ముదిరేలోపు ఇంజన్ వేడి పంపుకి తగలకుండా పంపుకీ ఇంజన్ బ్లాకుకీ మధ్య మందపాటి స్పేసర్ (అడ్డు బిళ్ల) వేయాలి. దానికి పుష్‌రాడ్ (పంపును ఆడించే కడ్డీ) ఎంత పొడవుండాలో కొలిచాక ఆటోనగర్ వెళ్తా.