విచారణ అనే మాట

ఈ సంచిక కోసం బడి రోజుల జ్ఞాపకం ఏదైనా రాయమని సంపాదక వర్గం వారు అడిగినప్పుడు నా మనసు నేరుగా 2018 డిసెంబరు దగ్గరికి వెళ్లి ఆగింది. అప్పుడు నేను పదవ తరగతిలో ఉన్నాను. వార్షికోత్సవాల గురించీ, ఆటల పోటీల గురించీ, మనకు చదువు చెప్పిన సిస్టర్ల ఆప్యాయత గురించీ మిగిలిన మిత్రులు నాకన్నా బాగా రాస్తారు. ఆ ఒక్క క్రిస్మస్ గురించి మాత్రం ఎవరూ రాయరేమోనన్న దిగులుతో ఈ వ్యాసం రాస్తున్నాను. మన బడికీ గుడికీ మధ్య ఉన్నది ఒక చిన్న గేటు మాత్రమే కనుక, గుడిలో జరిగినదానితో బడికి సంబంధం లేదని మనం అనుకోవడానికి వీలు లేదు.

పిల్లలపై గురువులు, అంటే గుడిలో పూజ చేసే ఫాదర్లు, జరిపిన లైంగిక అత్యాచారాల గురించి, ఆ ఏడాది వేసవి నుండే ప్రపంచ కతోలిక సంఘాన్ని కుదిపే వార్తలు ఒకదాని వెనుక ఒకటి వస్తూ వచ్చాయి. మే నెలలో చిలీ దేశపు పీఠాధిపతులు (బిషప్పులు) అందరూ కలిసి తమ రాజీనామాలను జగద్గురువులు (పోపు) ఫ్రాన్సిస్ వారికి సమర్పించారు. జూలైలో అమెరికాకు చెందిన థియోడర్ మెక్‌కారిక్ కార్డినల్ హోదాను వదులుకోవలసి వచ్చింది. ఆగస్టు 14న పెన్సిల్వేనియా రాష్ట్రపు గ్రాండ్ జ్యూరీ (నేరారోపణలను పరిశీలించే పౌరుల బృందం) నివేదిక వెలువడింది. ఆరు మేత్రాసనాలలో (బిషప్పుల పరిధులలో) సుమారు డెబ్బై ఏళ్ల కాలంలో 300 మందికి పైగా గురువుల మీద నమ్మదగిన ఆరోపణలు ఉన్నాయనీ, గుర్తించగలిగిన బాధిత బాలబాలికలే వెయ్యి మందికి పైగా ఉన్నారనీ, సంగతి తెలిసిన పెద్దలు ఎన్నో సందర్భాలలో పిల్లల కంటే సంస్థ పేరునే ముందు కాపాడుకున్నారనీ ఆ నివేదిక చెప్పింది. ఆ తరువాత ఆరు రోజులకు, ఆగస్టు 20న, జగద్గురువులు విశ్వాసులందరికీ ఒక లేఖ రాశారు. ఒక అవయవం బాధపడితే అన్ని అవయవాలూ దానితో కలిసి బాధపడతాయన్న పౌలుగారి మాటతో ఆ లేఖ మొదలవుతుంది. సిస్టర్ గారు దానిని తరగతిలో మాకు చదివి వినిపించినప్పుడు, అది ఎక్కడో దూరాన బాధపడుతున్న వారికి రాసిన లేఖ అనే నేను అనుకున్నాను.

డిసెంబరు 2, ఆగమన కాలపు (క్రిస్మస్ కోసం సిద్ధపడే వారాల) మొదటి ఆదివారం నాడు ఆ దూరం లేకుండా పోయింది. ప్రసంగం ముగిశాక ఫాదర్ గారు పీఠాధిపతి గారి దగ్గర నుండి వచ్చిన ఒక కాగితం తీశారు. అంతకు కొన్నేళ్ల ముందు మన దగ్గర పనిచేసి వెళ్లిన ఒక గురువు మీద ఫిర్యాదు అందిందనీ, దర్యాప్తు ముగిసే వరకు ఆయనను గురుత్వ సేవ నుండి తప్పించారనీ, విషయాన్ని పోలీసులకు కూడా తెలియజేశారనీ అందులో ఉంది. చదవడం అయ్యాక ఆయన ఆ కాగితాన్ని మడవడానికి మూడుసార్లు ప్రయత్నించి, మడవలేక, అలాగే బలిపీఠం అంచున పెట్టేశారు. పూజకు సాయపడుతూ ఆయనకు రెండడుగుల దూరంలో నిలబడిన నాకు కాగితం మీద ఆయన వేళ్ల చెమట అచ్చులు కనిపించాయి. ఫిర్యాదు చేసిన వారు ఎవరో, ఏం జరిగిందో నేను ఇక్కడ రాయను. అది వారి సొంత సంగతి, దానిని చెప్పమని వారు నన్ను అడగలేదు. నేను చెప్పగలిగినది బెంచీల మీద కూర్చున్న మా సంగతి మాత్రమే.

మాలో చాలామందికి ముందు వచ్చినది కోపమో దుఃఖమో కాదు, నమ్మలేకపోవడం. ఆ గురువు మాకు పాటలు నేర్పారు, మా ఇళ్లకు వచ్చి రోగుల కోసం ప్రార్థించారు. అటువంటి వారి మీద అపనింద వేశారని గేటు దగ్గరే గట్టిగా అన్నవారు ఉన్నారు. మా ఇంట్లో అటువంటి మాట రాలేదు. ఆ రోజు మా అమ్మ దారి పొడవునా ఏమీ మాట్లాడలేదు. ఇంటికి చేరాక మాత్రం, ఇకమీదట నన్ను పీఠం దగ్గరికి పంపనని స్పష్టంగా చెప్పింది. ఏడేళ్ల వయసు నుండి పూజకు సాయపడుతున్న నాకు, ఎవరో చేసిన పనికి శిక్ష నాకు పడినట్టు అనిపించి ఏడ్చాను. అమ్మ కోపంలో ఎంత భయం ఉందో తెలుసుకోవడానికి నాకు ఇంకా కొన్నేళ్లు పట్టింది.

ఆ వారంలోనే బడి హాలులో విచారణ సంఘం సమావేశమైంది; ఒక గురువు పర్యవేక్షణలోని గుడినీ, అక్కడి విశ్వాసులనూ కలిపి మేము విచారణ అంటాము. మా అమ్మ అందులో సభ్యురాలు. ఈ ఏడాది పండుగ చేయాలా వద్దా అన్నదే ముందుకు వచ్చిన ప్రశ్న. ఎప్పటిలాగే చేయకపోతే అందరూ మన గురించి ఇంకా మాట్లాడుకుంటారని కొందరు అన్నారట. ఈ పరిస్థితిలో దీపాలూ పాటలూ పెట్టుకుంటే బాధపడిన కుటుంబం మన గుడి వైపు చూడగలదా అని మరికొందరు అడిగారట. రెండు పక్షాల వారూ బయటి నుండి చూసే వారి గురించే ఆలోచిస్తున్నారనీ, లోపల ఉన్న పిల్లల గురించి ఇంతవరకు ఎవరూ ఒక్క మాట అనలేదనీ మా తెలుగు టీచర్ గారు లేచి చెప్పారట. ఆమె ఆ రోజు అడిగిన ప్రశ్నను అమ్మ ఇంటికి వచ్చి మాకు చెప్పింది. "మనం దీన్ని విచారణ అంటాము, ఈయనను విచారణ గురువు అంటాము. విచారించడం అంటే బాగోగులు కనుక్కోవడం. ఇన్నేళ్లలో మన పిల్లలను మనం ఎప్పుడు విచారించాము?"

పుట్టినప్పటి నుండి వింటున్న మాట కనుక నేను దాని అర్థం గురించి ఎప్పుడూ ఆలోచించలేదు. ఒకే మాటలో ఆరా తీయడమూ ఉంది, యోగక్షేమాలు చూసుకోవడమూ ఉంది. ఆ పక్కనే విచారం అనే మాట, అంటే దుఃఖం, నిలబడి ఉంది. ఆ డిసెంబరులో మా విచారణకు ఈ మూడూ ఒక్కసారే అవసరమయ్యాయి.

సమావేశం తరువాత జరిగిన పనులు చూడటానికి చిన్నవి. గుడి ముఖద్వారం దగ్గర, పూజా సమయాల పట్టిక పక్కన, ఎవరికైనా ఏదైనా జరిగితే ఎవరికి చెప్పాలో, ఏ నంబరుకు ఫోన్ చేయాలో పెద్ద అక్షరాలతో రాసిన కాగితం అతికించారు. గుడి వారిని దాటి నేరుగా పోలీసుల దగ్గరికి వెళ్లవచ్చని కూడా అందులో రాశారు. పిల్లల పాపసంకీర్తనం (చేసిన తప్పులను గురువుకు చెప్పుకోవడం) అందరికీ కనిపించే చోట, మాటలు మాత్రం వినపడనంత దూరంలో, జరిగే ఏర్పాటు చేశారు. గురువులు పూజా వస్త్రాలు ధరించే గదిలో పిల్లలు ఉన్నంతసేపూ ఇద్దరు పెద్దవారు ఉండాలని నిర్ణయించారు. ఆ మాట నిజమో కాదో చూడటానికి అమ్మ నన్ను వెంటబెట్టుకుని ఒక సాయంత్రం ఫాదర్ గారి దగ్గరికి వెళ్లింది. "పిల్లలు పీఠం దగ్గరికి రావద్దని నేను అనడం లేదు ఫాదర్ గారూ, ఆ గది తలుపు తెరిచి ఉంచుతారా లేదా అని అడుగుతున్నాను" అంది. ఆయన ఏ సమాధానమూ చెప్పకుండా మమ్మల్ని ఆ గది దగ్గరికి తీసుకువెళ్లి తలుపు లోపలి వైపు చూపించారు. గడియను అప్పటికే ఊడదీయించారు. అది ఉన్న చోట చెక్క మీద నాలుగు మేకు రంధ్రాలు, వాటి చుట్టూ పాత రంగు తేలిన ఒక దీర్ఘచతురస్రం ఉన్నాయి. అమ్మ ఆ రంధ్రాలను వేలితో ఒకసారి తడిమి చూసింది. క్రిస్మస్ రాత్రి పూజకు నేను సాయపడవచ్చని ఇంటికి వస్తూ దారిలో చెప్పింది.

డిసెంబరు 23, ఆగమన కాలపు నాలుగవ ఆదివారం నాడు ఫాదర్ గారు ప్రసంగంలో, అంతకు రెండు రోజుల ముందు జగద్గురువులు రోమాలో తమ కార్యాలయ అధికారులకు పండుగ శుభాకాంక్షలు తెలుపుతూ అన్న మాటలు చెప్పారు. పిల్లలపై అత్యాచారం చేసినవారు మారుమనస్సు పొంది మానవ న్యాయానికి లొంగిపోవాలనీ, దైవ న్యాయానికి సిద్ధపడాలనీ ఆయన అన్నారు. ఈ నేరాలను వెలుగులోకి తెచ్చి, బాధితుల గొంతు వినిపించేలా చేసిన నిజాయితీ గల పాత్రికేయులకు కృతజ్ఞతలు కూడా తెలిపారు. పత్రికల వారు గుడి మీద పగబట్టారని గేటు దగ్గర మాట్లాడిన వారు ఆ మాట విని తల దించుకోవడం నేను చూశాను.

యేసు పుట్టిన పశువుల పాకకు గుర్తుగా గుడిలో పాక కట్టే పని ఎప్పటిలాగే పదవ తరగతికి వచ్చింది. 1223లో గ్రేచ్చో అనే చోట పునీత అస్సీసి ఫ్రాన్సిస్ వారు ఏర్పాటు చేసిన పాకలో ఒక తొట్టి, గడ్డి, ఒక ఎద్దు, ఒక గాడిద మాత్రమే ఉన్నాయని సిస్టర్ గారు చెప్పగా, మేము కూడా ఆ ఏడాది మిణుకు దీపాలను పెట్టెలోనే ఉంచేశాము.

నా జ్ఞాపకంలో అన్నిటికన్నా గట్టిగా నిలిచినది 24వ తేదీ సాయంత్రపు జాగరణ పూజ. ఆ పూజకు నిర్ణయించిన సువార్త మత్తయి మొదటి అధ్యాయం, అంటే అబ్రహాము నుండి యేసు వరకు వంశావళి. పేర్లు వరుసగా సాగే ఆ భాగాన్ని వదిలి, జోజప్పగారి కలతో మొదలుపెట్టి కురచగా చదువుకోవచ్చు. అనుమతి ఉంది కనుక మా గుడిలో ఏటా అలాగే చదివేవారు. ఆ సాయంత్రం ఫాదర్ గారు మొత్తం చదివారు, మూడు విడతలుగా పద్నాలుగేసి తరాలు. తామారు పేరు వచ్చింది, రాహాబు వచ్చింది, రూతు వచ్చింది. దావీదు దగ్గరికి వచ్చేసరికి ఆయన స్వరం మెల్లగా అయింది. దావీదు ఊరియా భార్య వలన సొలోమోనును కనెను. అక్కడ ఆగి, సువార్తికుడు ఆమె పేరు రాయకుండా ఊరియా పేరు రాయడానికి కారణం ఉందని ఆయన చెప్పారు. దావీదు గొప్ప రాజు, కీర్తనలు పాడిన భక్తుడు, రక్షకుని వంశకర్త. అయినా అతడు ఎవరి భార్యను తీసుకున్నాడో, ఎవరిని చంపించాడో రక్షకుని పుట్టుక కథలో నుండి తుడిచివేయడానికి మత్తయి ఒప్పుకోలేదు. మన సంఘ చరిత్రలో కూడా ఆ పేర్లను చదవకుండా దాటవేసే హక్కు మనకు లేదని ఫాదర్ గారు అన్నారు. అంతకుముందు పదేళ్లుగా విన్న క్రిస్మస్ ప్రసంగాలలో ఒక్కటి కూడా నాకు ఇప్పుడు గుర్తు లేదు, ఇది మాత్రం ఉంది.

రాత్రి పూజకు జనం తక్కువగా వచ్చారు. చీకటిలో నడుస్తున్న ప్రజలు గొప్ప వెలుగును చూశారన్న యెషయా పఠనాన్ని మా తెలుగు టీచర్ గారు చదివారు. ఆగమన కాలమంతా పాడకుండా ఆపుకున్న మహిమ గీతాన్ని మళ్లీ పాడే సమయంలో నేను గంట మోగించాలి. అంత గట్టిగా మోగించవచ్చా అని సందేహిస్తూ మెల్లగా కదిపితే, ఫాదర్ గారు నా వైపు తిరిగి ఇంకా గట్టిగా అన్నట్టు తల ఊపారు. విశ్వాస సంగ్రహంలో (అందరమూ కలిసి చెప్పే విశ్వాస ప్రకటనలో), ఆయన మనుష్యావతారం ఎత్తాడన్న మాట దగ్గర అందరమూ మోకరించాము. ఏడాదిలో మిగిలిన రోజులలో అక్కడ తల వంచితే చాలు, క్రీస్తు జయంతి నాడూ, మంగళవార్త పండుగ నాడూ మాత్రం మోకరించాలి. దేవుడు పసిబిడ్డగా, తనను ఎత్తుకునే చేతులను నమ్ముకుని వచ్చాడన్న సంగతి మోకాళ్ల మీద ఉన్న ఆ కొద్ది క్షణాలలో నాకు ఎన్నడూ లేనంత బరువుగా తోచింది. పాకలో బాలయేసును పడుకోబెట్టే పని ఆ ఏడాది గురువుకు కాక, ఇద్దరు తల్లులకు అప్పగించారు. వారిలో మా అమ్మ ఒకరు.

అంతటితో పండుగ ముగియలేదు. మన దగ్గర చాలామందికి డిసెంబరు 25తో గుడి పని అయిపోతుంది. కానీ 28న, బేత్లెహేములో హేరోదు రాజు చంపించిన పసిబిడ్డల స్మరణోత్సవం వస్తుంది. పశువుల పాక అక్కడ ఉండగానే గురువు ఎర్రని వస్త్రాలతో పూజ చేస్తారు. ఆ ఏడాది అది శుక్రవారం. ఆ రోజు పూజను బాధింపబడిన పిల్లల కోసం అర్పిస్తామని ముందే ప్రకటించారు. ముప్పై మంది వచ్చి ఉంటారేమో. రామా అనే ఊరిలో రాహేలు అనే తల్లి తన బిడ్డల కోసం ఏడుస్తోందనీ, వారు ఇక లేరు కనుక ఓదార్పు పొందడానికి ఒప్పుకోవడం లేదనీ సువార్త చెబుతుంది. పండుగ రోజులు కదా, క్షమించి మరిచిపొమ్మని ఆ తల్లికి చెప్పడానికి సువార్తలో ఎవరూ రారని ఫాదర్ గారు అన్నారు. ఆమె ఏడుపును ఆపకుండా విని, ఉన్నది ఉన్నట్టు రాసిపెట్టడమే మత్తయి చేశాడని చెప్పి, ప్రసంగం అక్కడితో ముగించి చాలాసేపు మౌనంగా కూర్చున్నారు. చివరి బెంచీలో ఒంటరిగా కూర్చున్న ఒక స్త్రీ ఆశీర్వాదానికి ముందే లేచి వెళ్లిపోయారు. ఎవరూ ఆమె వెంట వెళ్లలేదు, ఎవరూ ఆమె ఎవరని అడగలేదు. అలా అడగకుండా ఉండటం కూడా మా వాళ్లు ఆ నెలలోనే నేర్చుకున్నారని నేను అనుకుంటాను.

ఆ తరువాత రోమాలో ఏం జరిగిందో పెద్దయ్యాక ఆసక్తితో చదువుకున్నాను. 2019 ఫిబ్రవరిలో పిల్లల రక్షణ గురించి పీఠాధిపతుల సమావేశం జరిగింది. మే నెలలో, ఇటువంటి సంగతి తెలిసిన గురువులూ కన్యస్త్రీలూ సంఘ అధికారులకు తప్పక తెలియజేయాలనే శాసనం వచ్చింది. డిసెంబరు 17న, అంటే మళ్లీ ఆగమన కాలంలోనే, ఈ కేసుల వివరాలను గోప్యంగా ఉంచాలనే జగద్గురు పీఠపు రహస్య నిబంధనను తొలగించారు. ఇవి ఆలస్యంగా వచ్చాయనే నా అభిప్రాయం. కొందరి బాల్యానికి అవి అసలు అందనే లేదు.

పోయిన ఏడాది ఆగమన కాలంలో నేను మన గుడికి వెళ్లాను. ద్వారం దగ్గరి కాగితం స్థానంలో ఇప్పుడు అట్ట వేసిన పలక ఉంది, పేరూ నంబరూ మారాయి. వస్త్రాల గది తలుపుకు కొత్త రంగు వేశారు కానీ రంధ్రాలు నాలుగూ అలాగే ఉన్నాయి. పూజకు సాయపడటానికి వచ్చిన ఒక పాప, నాలుగవ తరగతి అనుకుంటాను, నేను వాటిని చూస్తూ నిలబడటం గమనించి అవి ఏమిటని అడిగింది. ఆమె తల్లి పక్కనే ఉన్నారు. నేను ఆమె వైపు చూశాను, ఆమె చెప్పమన్నట్టు తల ఊపారు. అక్కడ ఒకప్పుడు గడియ ఉండేదనీ, దానిని ఎందుకు తీసేశారో ఆ పాప వయసుకు తగిన మాటలలో చెప్పాను.