అలీగియేరీ ఇంటిపేరూ, చినమామయ్యగారి మాటా

గిన్నెలు ఇంకా సింకులోనే ఉన్నాయి. అందరూ పడుకున్నారు. భోజనాల దగ్గర చినమామయ్యగారు అన్న ఒక్క మాట గొంతులో చేపముల్లులా ఉండిపోయింది. ఇక్కడ కక్కేస్తే గానీ నిద్ర పట్టేట్టు లేదు.

బల్ల మీద వైన్ సీసా ఉంది, దాని మీద సెరేగో అలీగియేరీ అని పేరుంది. మావారు ఊరుకోవచ్చుగా! "ఇది డాంటే వంశం వాళ్ళ తోటదే బాబాయ్, వెరోనా దాటితే అరగంట" అన్నారు. డాంటే అంటే డివైన్ కామెడీ కావ్యం రాసిన ఇటలీ మహాకవి, ఇంటిపేరు అలీగియేరీ. అంతే, పెద్దాయనకి దారి దొరికింది. "చూశావురా, ఏడొందల ఏళ్ళయినా పేరు నిలబడింది. మగపిల్లాడంటూ ఉంటే అలా ఉంటుంది వంశం." మా ఇంట్లో మగపిల్లాడు లేడు. ఆ మాట ఎవరికి తగలాలో వాళ్ళకి తగిలింది. పప్పు వడ్డించి వంటింట్లోకి వచ్చేశాను.

ఆయన అభిప్రాయం ఆయనది, దానికి నేను అలవాటు పడిపోయాను. నా కోపమంతా ఉదాహరణ మీద. ప్రపంచంలో ఇన్ని ఇంటిపేర్లుండగా సరిగ్గా ఆడవాళ్ళ మీదుగా వచ్చి, ఆడవాళ్ళ మీదుగా మిగిలిన పేరునే పట్టుకోవాలా?

డాంటే ముత్తాతకి తండ్రి కాచ్చగ్విదా. పన్నెండో శతాబ్దపు ఫ్లోరెన్స్ మనిషి, రెండో క్రూసేడ్‌లో, అంటే క్రైస్తవుల మతయుద్ధంలో చనిపోయాడు. అప్పటికి ఆ కుటుంబానికి స్థిరమైన ఇంటిపేరంటూ లేదు. ఫలానా వాడి కొడుకు ఫలానా, అంతే. కాచ్చగ్విదా భార్య మాత్రం ఉత్తర ఇటలీలోని పో నది లోయ నుంచి వచ్చింది. ఫెర్రారా అని కొందరు, పార్మా అని కొందరు, పండితులు ఇంకా కొట్టుకుంటూనే ఉన్నారు. ఆవిడ పుట్టింటి పేరును కొడుక్కి పెట్టారు, అలీగియేరో అని. ఆ అలీగియేరో కొడుకు బెల్లించియోనే, అతని కొడుకు మళ్ళీ అలీగియేరో, ఆయన కొడుకు 1265లో పుట్టిన డాంటే. ఇదేదో నేను కల్పించి చెప్పే మాట కాదు, డాంటే తానే రాసుకున్నాడు. ఆ కావ్యంలో స్వర్గం భాగమైన పారదీసో 15వ కాంటోలో (సర్గలో), అంగారక మండలంలో ముత్తాత తండ్రి ఎదురై, నా భార్య పో లోయ నుంచి వచ్చింది, నీ ఇంటిపేరు అక్కణ్ణుంచే వచ్చింది అని చెప్తాడు.

పేరు మొదట్లో 'ద' అక్షరంతో ఆల్దిగియేరీ. జర్మానిక్ మూలం, అందులో ఈటె అనే మాట ఉంది. లొంబార్డులనే జర్మానిక్ జాతి దిగిన ఉత్తర ఇటలీలో ఇలాంటి పేర్లు బోలెడు. ఫ్లోరెన్స్ వాళ్ళ నోట్లో ఆ 'ద' ఊడిపోయింది. దస్తావేజుల్లో గుమాస్తా కొక తీరు: అలగేరి, అలగియేరి, ఒక 'ల'తో, రెండు 'ల'లతో. పైగా లాటిన్‌లో డాంటే అలగేరీ అని రాస్తే అది అలీగియేరో కొడుకు డాంటే అనా, అలీగియేరీ ఇంటి డాంటే అనా? రెండూ ఒకలాగే ఉంటాయి. తండ్రి పేరు ఇంటిపేరుగా గట్టిపడే కాలానికి అది అచ్చమైన సాక్ష్యం. పాత రిజిస్టర్లలో ఇంటిపేరు వెతికేవాళ్ళు మొదట చిక్కుకునేది ఇక్కడే. 1500 ముందు కాగితంలో కనిపించిన రెండో మాట తండ్రి పేరో, ఇంటిపేరో తేలాలంటే వరసగా మూడు తరాల కాగితాలు పక్కపక్కన పెట్టుకోవాలి. రెండో మాట మూడు తరాలూ మారకపోతే అప్పుడు ఇంటిపేరు.

మధ్యలో ఒక ముచ్చట. ఆ మొదటి అలీగియేరో నూరేళ్ళకు పైగా పర్గటోరీలో, అంటే చచ్చాక పాపాలు కడుక్కునే కొండ మీద, అహంకారుల మొదటి మెట్టు మీద తిరుగుతున్నాడని డాంటే రాశాడు. అక్కడివాళ్ళు నడుం వంగేలా బండలు మోస్తారు. కావ్యం నడిచేది 1300లో. 1201 నాటి దస్తావేజులో ఆ అలీగియేరో నిక్షేపంగా బతికున్నాడు. ఇంటిపేరిచ్చిన మనిషి ఎప్పుడు పోయాడో మహాకవికే తెలీదు.

సరే, తర్వాత సంగతి. 1302లో ఫ్లోరెన్స్ డాంటేని తరిమేసింది, దొరికితే కాల్చెయ్యమంది. 1321లో రవెన్నాలో పోయాడు. కూతురు ఆంతోనియా అక్కడే సన్యాసినుల మఠంలో సిస్టర్ బెయాత్రిచే అయింది. 1350లో ఆవిడకి ఇమ్మని ఫ్లోరెన్స్‌లోని ఓర్ సాన్ మికేలే సంఘం పది బంగారు ఫ్లోరిన్లు పంపితే, రచయిత బొకాచ్చో పట్టుకెళ్ళాడు. ఆవిడ గురించి వంశవృక్షాల్లో ఒక గీత, దాని చివర ఖాళీ. కొడుకు పియెత్రో బొలోనాలో న్యాయశాస్త్రం చదివి, వెరోనాలో జడ్జిగా కుదురుకుని, 1353లో ఆ పక్కనే వాల్‌పొలిచెల్లాలోని గర్గాన్యాగో దగ్గర భూములు కొన్నాడు. ఆ సీసా వచ్చిన తోటలు అవే.

పియెత్రో సంతతి దాదాపు రెండొందల ఏళ్ళు నడిచింది, ఆ తర్వాత మగపిల్లల్లేక ఆగింది. మిగిలింది జినేవ్రా అనే అమ్మాయి. 1549లో ఆవిడ మార్కాంతోనియో సెరేగోని పెళ్ళాడింది. పేరుమోసిన వాస్తుశిల్పి పల్లాడియో చేత పెద్దపెద్ద గరుకు రాతి స్తంభాలతో విల్లా కట్టించుకున్న సెరేగో ఆయనే. ఆ పెళ్ళితో భూములూ పేరూ కలిసే ఆ ఇంటికి వెళ్ళాయి. అందుకే సెరేగో అలీగియేరీ అన్న జంట ఇంటిపేరు. ఇదీ చినమామయ్యగారి మగపిల్లాడి కథ!

ఇదంతా వంటింట్లో నిలబడి మనసులో అప్పగించుకున్నాను. బల్ల దగ్గరికెళ్ళి అనేద్దామనీ అనుకున్నాను. అప్పుడు ఇంకో సంగతి తట్టింది. చినమామయ్యగారి ఇంటిపేరు మావారి ఇంటిపేరు కాదు. పాత టపాలు చదివినవాళ్ళకి తెలుసు, ఏడో ఏట దత్తత వెళ్ళిన మనిషి. ఐదెకరాల మాగాణితో పాటు పేరూ మారింది. కన్నతండ్రికి మగపిల్లలు నలుగురు, ఒకణ్ణి ఇచ్చేశారు. పెంచిన తండ్రికి పేరు నిలబెట్టేవాడు కావాలి, తెచ్చుకున్నారు. ఆ ఇంటి వంశాన్ని ఈయన నెత్తురు నిలబెట్టలేదు, దత్తత కాగితం నిలబెట్టింది.

దాంతో నా వాదన కూడా కాస్త వంకర పోయింది. ఆడవాళ్ళ మీదుగా వచ్చిన పేరు అని ఎగిరాను గానీ, పో లోయ నుంచి వచ్చినావిడ తెచ్చిన పేరు ఆవిడదా? ఆవిడ తండ్రుల్లో ఎవరో ఒక ఆల్దిగియేరోది. కాచ్చగ్విదా నోట అన్నదమ్ముల పేర్లు చెప్పించిన డాంటే, ఇంటిపేరు తెచ్చిన ఆవిడకి సొంత పేరైనా చెప్పలేదు. నా భార్య అన్నాడంతే. జినేవ్రా పక్కన తోటలున్నాయి, అందుకని పేరు మిగిలింది. ఆంతోనియా దగ్గర పది ఫ్లోరిన్లున్నాయి, అందుకని మిగల్లేదు. కొడుకా కూతురా అన్నది కాదు, పొలమూ కాగితమూ ఉన్నచోట పేరు నిలిచింది. ఇది ఒప్పుకోడానికి నాకు కష్టంగానే ఉంది. ఆయన మాట మీద కోపం మాత్రం ఏమీ తగ్గలేదు.

పేరు అరుదవడం ఒక తంటా అయితే, కిక్కిరిసిపోవడం ఇంకోటి. వెనిస్ మడుగు దక్షిణపు కొసన కియోజ్జా ఊరి పాత టెలిఫోన్ డైరెక్టరీ ఒకటి ఎప్పుడో చేతికి చిక్కింది. పేజీలకి పేజీలు బోస్కోలో, బోస్కోలో, బోస్కోలో. అది అయిపోయాక తియోజ్జో, తియోజ్జో. తీరపు ఊరు, కొన్ని కుటుంబాలే పెరిగి, వాళ్ళలో వాళ్ళే పెళ్ళిళ్ళు చేసుకుంటే ఇంతే అవుతుంది. అందుకని ఒక్కో శాఖకి ఊళ్ళో పిలుపు పేరు పుట్టింది, దాన్ని అక్కడ దెత్తో అంటారు. అది చివరికి ప్రభుత్వ కాగితాల్లో ఇంటిపేరులో భాగమైపోయింది: బోస్కోలో ఆంజొలెత్తి, బోస్కోలో మార్కి, బోస్కోలో బరీగా. పోస్టుమాన్ బతికాడు. వంశం వెతికేవాళ్ళకి మాత్రం ఇదే ఉచ్చు. పాత చర్చి రిజిస్టర్లో ఒక గుమాస్తా దెత్తో రాస్తాడు, ఇంకొకడు వదిలేస్తాడు. పేరు చూసి ఇద్దరు మనుషులనుకుంటాం, ఒక్కడే. ఒక్కడనుకుంటాం, ముగ్గురు తేలతారు. తల్లి పుట్టింటి పేరు సరిపోల్చకుండా కియోజ్జాలో ఒక్క అడుగూ వెయ్యకూడదు.

ఇంత చేసినా ఇటలీలో మనిషి మనిషికీ ఇచ్చే పన్ను కోడుకి ఆ తేడా పట్టదు. 16 అక్షరాలూ అంకెలూ. మొదటి మూడూ ఇంటిపేరులోని మొదటి మూడు హల్లులు, కాబట్టి బోస్కోలోలందరూ బి-ఎస్-సి. తర్వాత మూడు సొంత పేరు నుంచి, రెండు పుట్టిన సంవత్సరం, నెలకి ఒక అక్షరం, తేదీకి రెండంకెలు, పుట్టిన ఊరికి నాలుగు, చివర సరిచూసుకునే అక్షరం ఒకటి. అలీగియేరీ డాంటే అయితే ఎల్-జి-హెచ్-డి-ఎన్-టి అని మొదలవుతాడు. హల్లులు చాలకపోతే అచ్చులు, అవీ చాలకపోతే ఎక్స్ చేరుస్తారు. పాస్‌పోర్టులో ఇంటిపేరు గడిలో ఒక్క ఇంగ్లీషు అక్షరమే వేయించుకుని వచ్చే మన తెలుగు పిల్లలకి రెండు ఎక్స్‌లు పడేది అందుకే. ఊరి చోట మనందరికీ జెడ్ 222, ఇండియా మొత్తానికి అదొక్కటే. ఆడపిల్లయితే తేదీకి 40 కలుపుతారు, 7న పుడితే 47. మగపిల్లాడికి ఏమీ కలపరు. చినమామయ్యగారికి ఈ ముక్క మాత్రం చెప్పను.

లెక్క ప్రకారం చూస్తే అరుదైన పేర్లన్నీ కొండెక్కాల్సిందే. 1870ల్లో ఇంగ్లండులో గాల్టన్ అనే ఆయన ఇదే అడిగాడు, పెద్దింటి పేర్లు ఎందుకు ఆరిపోతున్నాయని. వాట్సన్ అనే మతగురువు లెక్క కట్టాడు. సగటున ఒక తండ్రికి ఒక కొడుకు గానీ, అంతకన్నా తక్కువ గానీ ఉంటే ఏ పేరైనా ఎప్పుడో ఒకప్పుడు పోతుంది. ఇటలీలో ఇప్పుడు ఒక తల్లికి పిల్లలు సుమారు 1.2. సగం మగపిల్లలనుకుని, తండ్రి పేరే నడుస్తుందనుకుంటే, ఈ తరంలో 1000 మంది మోసే పేరు తర్వాతి తరానికి 600, ఆపై 360, ఆపై 216. వంద మంది ఉన్న పేరు అదే దారిలో మూడు తరాలకి ఇరవై చిల్లరకి దిగుతుంది. అక్కణ్ణుంచి రెండిళ్ళలో వరసగా కూతుళ్ళు పుడితే చాలు.

కొత్తగా తగిలించుకోవచ్చు కదా అంటే, అదీ ఉంది. ప్రిఫెక్టుకి, అంటే జిల్లాలో కేంద్ర ప్రభుత్వ అధికారికి, అర్జీ పెట్టాలి, కారణం రాయాలి. ఆరిపోతున్న అమ్మ పుట్టింటి పేరు నిలుపుకోవాలన్నది అర్జీల్లో తరచుగా కనిపించే కారణమే. ప్రాథమికంగా ఒప్పుకుంటే పుట్టిన ఊళ్ళోనూ, ఉంటున్న ఊళ్ళోనూ మునిసిపాలిటీ నోటీసు బోర్డుకి 30 రోజులు ఎక్కిస్తారు. చివరిసారి బోర్డుకి ఎక్కించిన తేదీ నుంచి 30 రోజుల్లోపు సంబంధం ఉన్నవాళ్ళెవరైనా అభ్యంతరం చెప్పొచ్చు. ఎవరూ నోరెత్తకపోతే ఉత్తర్వు. దీనికి మినహాయింపు కూడా చట్టంలోనే ఉంది: చారిత్రక ప్రాముఖ్యం ఉన్న ఇంటిపేరు గానీ, ఫలానా గొప్ప కుటుంబం వాళ్ళేమో అని భ్రమ పుట్టించే పేరు గానీ అడగడానికి వీల్లేదు. అంటే అభిమానం కొద్దీ అలీగియేరీ అయిపోదామంటే కుదరదు.

నిజంగా ఏదైనా మారిందంటే 2022లో మారింది. తండ్రి ఇంటిపేరు దానంతటదే బిడ్డకి పడిపోవడం రాజ్యాంగానికి విరుద్ధమని రాజ్యాంగ న్యాయస్థానం 131వ నంబరు తీర్పులో చెప్పింది. ఆ జూన్ 2 నుంచి పుట్టే బిడ్డకి ఇద్దరి పేర్లూ, ఏది ముందో తల్లిదండ్రులు తేల్చుకోవాలి. ఇద్దరూ ఒప్పుకుంటే ఒక్కటే ఉంచుకోవచ్చు. వరసలో తగువొస్తే జడ్జి దగ్గరికి. జంట పేర్లున్న ఇద్దరు పెళ్ళాడితే బిడ్డకి నాలుగా అన్న ప్రశ్న ఉంది. దాన్ని పార్లమెంటు చూసుకోవాలని న్యాయస్థానమే అంది.

కిందింటి వాళ్ళమ్మాయికి పురుడొచ్చి నాలుగు రోజులైంది, ఆడపిల్ల. ఆసుపత్రిలోనే నమోదు చేయించుకునే మూడు రోజుల గడువు దాటిపోయింది, ఇక మునిసిపాలిటీకే వెళ్ళాలి, పుట్టిన పదో రోజు లోపల. ఆవిడ పుట్టింటి పేరు వాళ్ళ లోయలో నాలుగైదు గడపల్లో మాత్రమే వినిపిస్తుంది. ముందు అదే రావాలని ఆవిడ, పిలవడానికి చిన్నగా ఉండే తన పేరు ముందుండాలని ఆయన. సాయంత్రం మెట్ల మీద కనిపిస్తే ఇంకా తేలలేదన్నారు.