పాతిక జీన్‌ల కంటే ముందు రెండు జీన్‌ల లెక్క

బెంగళూరులో ఐఐఎస్సీలోనో, ఎన్‌సీబీఎస్‌లోనో (రెండూ పరిశోధన సంస్థలు) జీన్ నెట్‌వర్క్‌లకి మోడల్ కట్టే ప్రాజెక్టుకి చేరే మన తెలుగు పిల్లల్లో ఇంజినీరింగ్ నుంచి వచ్చేవాళ్లు చాలామందే ఉంటారు. కోడింగ్‌కి భయపడరు. అందుకే ఏ జీన్ దేన్ని పెంచుతుందో, దేన్ని అణుస్తుందో చూపే, పాతిక జీన్‌లు, వంద బాణాలు ఉన్న బొమ్మని నేరుగా పైథాన్‌లోకి ఎక్కించేస్తారు. గ్రాఫులు చక్కగానే వస్తాయి, వాటిని నమ్మొచ్చా లేదా అన్నదే తేలదు. ముందు రెండు జీన్‌లతో కాగితం మీద కూర్చోండి.

క, గ అనే రెండు జీన్‌లు ఒకదాన్నొకటి అణుస్తాయనుకుందాం. ఇదే టాగుల్ స్విచ్, అంటే ఒకటి వెలిగితే రెండోది ఆరిపోయే స్విచ్. గార్డ్‌నర్, కాంటర్, కాలిన్స్ 2000లో దీన్ని ఈ.కోలై బాక్టీరియాలో కట్టి చూపించారు. జీన్ పనిచేస్తుంటే 1, లేకపోతే 0 అని రాసే బూలియన్ మోడల్‌లో నియమం ఒక్కటే: ఎదుటిది 0 అయితే ఇది 1, ఎదుటిది 1 అయితే ఇది 0. రెండిటినీ ఒకేసారి అప్‌డేట్ చేస్తే (1,1) నుంచి (0,0)కి, అక్కణ్నుంచి మళ్లీ (1,1)కి ఊగుతూనే ఉంటుంది. రెండూ ఒకే క్షణంలో మారాలని మనం పెట్టిన షరతే ఈ ఊగిసలాటకి కారణం. అడుగుకొక్క జీన్‌నే మార్చండి, (1,0) దగ్గరో (0,1) దగ్గరో నిలబడిపోతుంది.

రెనే థామస్ సూత్రం కూడా ఇదే చెబుతుంది. బాణాల వెంట వెళ్తే మొదటి జీన్‌కే తిరిగొచ్చే దారి లూప్. లూప్‌లో అణచివేతల సంఖ్య సరి అయితే అది పాజిటివ్ లూప్, బేసి అయితే నెగెటివ్. ఒకటికి మించి స్థిర స్థితులు ఉండాలంటే పాజిటివ్ లూప్, ఆగని ఊగిసలాటకి నెగెటివ్ లూప్ తప్పనిసరి. టాగుల్‌లో అణచివేతలు రెండు, ఎలోవిట్జ్, లైబ్లర్ అదే ఏడాది చేసిన రిప్రెసిలేటర్‌లో (మూడు జీన్‌లు వలయంగా ఒకదాన్నొకటి అణిచే సర్క్యూట్) మూడు. రన్ కొట్టే ముందే బాణాలు లెక్కపెడితే సగం బగ్‌లు అక్కడే దొరుకుతాయి.

ఇక డిఫరెన్షియల్ సమీకరణాలు. క మారే వేగం = 4/(1+గ²) − క. మొదటి భాగం తయారీ, రెండోది నశించడం. గ కి కూడా ఇలాంటిదే. వేగాలు సున్నా చేసి, ఒకదాంట్లోంచి ఒకటి తీసేస్తే (క−గ)(1−కగ) = 0 మిగులుతుంది. అంటే రెండూ సమానమన్నా కావాలి, లేదా లబ్ధం 1 అన్నా కావాలి. లబ్ధం 1 అయినప్పుడు మొత్తం 4 వస్తుంది కాబట్టి ఒకటి 3.73, రెండోది 0.27. సమానమైతే రెండూ 1.38 దగ్గర, కానీ అది అస్థిరం, కాస్త కదిలిస్తే జారిపోతుంది. పైనున్న 4ని 2కి తగ్గిస్తే మూడు బిందువులూ కలిసిపోయి స్విచ్ మాయం. గ మీదున్న ఘాతం 2ని హిల్ ఘాతం అంటారు, అది 1 అయితే ఆ 4ని ఎంత పెంచినా స్విచ్ రాదు. అలాగని ఘాతాన్ని 8 చేసేయకండి. ప్రొటీన్ డైమర్‌గా (రెండేసి జతగా) అతుక్కుంటుందా, ప్రమోటర్‌లో (జీన్‌ని మొదలుపెట్టే డీఎన్‌ఏ భాగంలో) అది అతుక్కునే చోట్లెన్ని అన్నది చూడకుండా పెట్టిన ఘాతం మీదే రివ్యూయర్ మొదట వేలు పెడతారు.

కంప్యూటర్‌లో దెబ్బతినేది ఎక్కువగా యూనిట్ల దగ్గరే. పైథాన్ లైబ్రరీ సైపైలో ఈ సమీకరణాల్ని సాధించే సాల్వ్ ఐవీపీ డిఫాల్ట్ అబ్సల్యూట్ టాలరెన్స్ (అది ఒప్పుకునే తప్పు) 10⁻⁶. గాఢతని మోలార్‌లో ఇస్తే 50 నానోమోలార్ అంటే 5×10⁻⁸, అంటే అసలు విలువకి ఇరవై రెట్లు తప్పునైనా సాల్వర్ సరేననేస్తుంది. నానోమోలార్‌లోనే రాయండి. అర్ధాయువుని నేరుగా క్షయ వేగంగా పెట్టకండి, 0.693ని దానితో భాగించాలి. 20 నిమిషాలకోసారి రెట్టింపయ్యే ఈ.కోలైలో పలచబడటం వల్లే నిమిషానికి 0.035 వంతు పోతుంది. ఎంఆర్‌ఎన్‌ఏ నిమిషాల్లో, ప్రొటీన్ గంటల్లో మారే చోట సాల్వర్ డిఫాల్ట్ పద్ధతి ఆర్‌కే45 నత్తనడక నడుస్తుంది, బదులుగా ఎల్‌సోడా పద్ధతి పెట్టుకోండి.

పారామీటర్లు తెలియకపోతే? చాలాసార్లు తెలియవు కూడా. అప్పుడు రాసిపే (RACIPE) అనే పద్ధతి ఉంది: వేల పారామీటర్ సెట్లు యాదృచ్ఛికంగా తీసి, ఏ స్థితులు మళ్లీ మళ్లీ వస్తున్నాయో చూడటం. ఐఐఎస్సీలో మోహిత్ కుమార్ జాలీ బృందం క్యాన్సర్ కణాల ఈఎంటీ (అతుక్కుని ఉండే కణాలు విడిపడి కదిలే రకంగా మారడం) నెట్‌వర్క్‌ల మీద దీన్ని బాగా వాడింది. ఇందులో థ్రెషోల్డ్‌లని (ఒక జీన్ ప్రభావం ఇంకోదాని మీద తెలిసే స్థాయిల్ని) గుడ్డిగా తీయకూడదు. రెగ్యులేటర్ (ఇంకోదాన్ని నడిపే జీన్) స్థాయి దాదాపు సగం సెట్లలో థ్రెషోల్డ్‌కి పైన, సగంలో కింద ఉండేలా చూసుకోవాలి, లేదంటే కొన్ని బాణాలు ఉన్నా లేనట్టే. ఒక్కో సెట్‌ని చాలా ప్రారంభ స్థితుల నుంచి నడపాలి. ఒక్కదాన్నుంచే నడిపితే రెండు స్థితులున్నది కూడా ఒకటే ఉన్నట్టు కనిపిస్తుంది. 100 ప్రారంభ స్థితులతో వచ్చిన స్థితుల లెక్క 200కి పెంచినా మారకపోతేనే ఆ సంఖ్య రాసుకోండి.