పది అడుగుల మడి

మా అపార్ట్‌మెంట్ వెనక జనరేటర్ గదికీ కాంపౌండ్ గోడకీ మధ్య ఊరికే పడివున్న నేలను రెండేళ్ళ కిందట అసోసియేషన్ వాళ్ళు మళ్ళుగా విడదీసి, అడిగిన ఇళ్ళకు తలా ఒకటి ఇచ్చారు. నా వంతుకు వచ్చింది పది అడుగుల పొడవు, నాలుగడుగుల వెడల్పు. బెంగళూరులో, అదీ కె.ఆర్.పురం వైపు, ఇంత ఎర్రమట్టి చేతికి దొరకడమే భాగ్యం. మాది మదనపల్లె దగ్గర పల్లె. మట్టి ముట్టుకోకుండా పాతికేళ్ళు ఎలా గడిపానో నాకే తెలియదు.

మన భాషలో మడి అంటే రెండు. నారు పోసుకునేదీ మడే, ఆరేసిన బట్ట ఎవరూ తాకకుండా కట్టుకునేదీ మడే. మా అమ్మ పొద్దున ఈ మడిలో ఉండి పూజ చేసి, ఎండెక్కాక ఆ మడిలో దిగి కలుపు తీసేది. రెండింటికీ ఒకే మాట ఎందుకుందని చిన్నప్పుడు అడిగితే "రెంటికీ గట్టు ఉండాల గదమ్మా" అనేది. పోయిన కార్తీకంలో ఆ మాట నాకు మళ్ళీ గుర్తుకొచ్చిన సందర్భం చెప్పాలనే ఇది రాస్తున్నాను.

భగవద్గీత తొమ్మిదో అధ్యాయంలో 26వ శ్లోకం రానివాళ్ళు మనలో తక్కువ.

పత్రం పుష్పం ఫలం తోయం యో మే భక్త్యా ప్రయచ్ఛతి
తదహం భక్త్యుపహృతమశ్నామి ప్రయతాత్మనః

ఆకో, పువ్వో, పండో, నీళ్ళో భక్తితో ఎవరిస్తారో వారిది నేను ఆరగిస్తాను అంటున్నాడు స్వామి. దేవుడికి ఖరీదైనవి అక్కర్లేదు, ఆకైనా చాలు అని చెప్పడానికే ఈ శ్లోకాన్ని ఎక్కువగా వాడతాం. అది నిజమే. కానీ శ్లోకం అక్కడితో ఆగలేదు. చివర "ప్రయతాత్మనః" అని ఒక మాట ఉంది. శంకరాచార్యులవారు దాన్ని "శుద్ధబుద్ధేః" అని వివరించారు. అంటే బుద్ధి శుభ్రంగా ఉన్నవాడు ఇచ్చింది. వస్తువు విషయంలో ఆయన ఎంత తగ్గాడో, ఇచ్చేవాడి మనసు విషయంలో అంత గట్టిగా ఉన్నాడని నాకు అనిపిస్తుంది. ఆకు ఎక్కడైనా దొరుకుతుంది, ఆ బుద్ధి దొరకడమే కష్టం.

శ్రావణంలో అనప విత్తనాలు వేశాను. వినాయక చవితినాడు బంతి విత్తనాలు చల్లాను. చవితి నుంచి క్షీరాబ్ది ద్వాదశికి లెక్కకు 2 నెలల 8 తిథులు. ఆ రోజు తులసమ్మకు నా మడిలో పూసిన బంతిపూలే పెట్టాలని మనసులో అనుకున్నాను. పక్కనే కొంచెం మెంతి. మెంతి నెల తిరక్కముందే చేతికి వచ్చింది. మొదటి గుప్పెడు దేవుడి ముందు పెట్టి, తర్వాత పప్పులో వేశాను. అలా పత్రం అయింది.

బెంగళూరుకు వానలు రెండు విడతలు. నైరుతి పోతూపోతూ సెప్టెంబరులో బాగా కురుస్తుంది, అక్టోబరులో ఈశాన్యం అందుకుంటుంది. ఆ తడికి నత్తలు వచ్చాయి. పిడికిలంత నత్తలు. రాత్రి తొమ్మిదికి ఫోన్ టార్చ్ వేసుకుని వెళ్ళి, ఒక్కొక్కటే ఏరి బకెట్‌లో వేసేదాన్ని. ఒక రాత్రి ఇరవై మూడు. బంతి మొక్కల చిగుళ్ళంటే వాటికి ఎంత ఇష్టమో! మర్నాడు పొద్దున చూస్తే కాడ మాత్రమే మిగిలేది. ముప్పై మొక్కల్లో నిలబడ్డవి పద్నాలుగు.

ఇక తోయం సంగతి. 2024 మార్చిలో ఇక్కడ నీళ్ళకు ఎంత కటకట అయిందో ఉన్నవాళ్ళకు తెలుసు. తాగేనీళ్ళు తోటలకు పోస్తే 5,000 రూపాయల జరిమానా అన్నారు. అప్పటి నుంచి మా మళ్ళకు పైపులో వచ్చేది ఇళ్ళలోంచి పోయిన మురుగును శుద్ధిచేసిన నీరే. దాంతో పెరిగిన పువ్వు పూజకు పనికొస్తుందా అని మా బ్లాకులో పెద్ద చర్చే జరిగింది. పనికిరాదన్నవాళ్ళను నేను తప్పుపట్టను, వాళ్ళ ఆచారం వాళ్ళది. నా మట్టుకు నాకు సందేహం లేదు. పేడ వేసిన నేలలో పూసిన మల్లెను మనం ఎప్పుడూ కాదనలేదు. మట్టి తనలోకి తీసుకున్నదాన్ని మట్టిగానే ఉంచదు. అయినా రోజుకో చెంబు మంచినీళ్ళు, బియ్యం కడిగినవో కూరగాయలు కడిగినవో కాకుండా, విడిగా తీసుకెళ్ళి తులసి మొదట్లో పోసేదాన్ని. పోస్తూ కలశపూజ శ్లోకం అనుకునేదాన్ని. గంగే చ యమునే చైవ గోదావరి సరస్వతి, నర్మదే సింధు కావేరి జలేఽస్మిన్ సన్నిధిం కురు. ఈ నీళ్ళలోకి వచ్చి ఉండండమ్మా అని ఏడు నదులనూ పిలవడం. బెంగళూరులో ఆ ఏడింట్లో ఒకర్ని పిలవక్కర్లేదు, కొళాయిలో ఉన్నదే కావేరమ్మ. సుమారు 100 కిలోమీటర్ల దూరం నుంచి, దాదాపు 500 మీటర్ల ఎత్తు ఎక్కించి తెస్తున్నారు ఆ నీటిని. అక్టోబరు 17 ప్రాంతంలో తులా సంక్రమణానికి కావేరి పుట్టే తలకావేరిలో తీర్థోద్భవం అవుతుంది, అంటే నీళ్ళు ఉబికి వస్తాయి. ఆ రోజు చెంబు చేతిలో పట్టుకుంటే కాసేపు పోయబుద్ధి కాలేదు. అంత దూరం నుంచి ఎక్కి వచ్చిన తల్లి కదా.

దీపావళికి మొదటి మొగ్గలు విచ్చాయి. వాన దెబ్బకు కొన్ని మొగ్గలోనే కుళ్ళాయి. ఏకాదశి రాత్రి టార్చ్ వేసి లెక్కపెట్టాను. బాగా విచ్చినవి పదకొండు. ఉసిరి కొమ్మ ముందే కొనిపెట్టాను. ఇక్కడివాళ్ళు నెల్లికాయి కొమ్మ అంటారు, వాళ్ళకూ ఆ రోజు తులసి హబ్బ. పాలు, చెరకు ముక్క, ఉసిరికాయ దీపాలకు వత్తులు అన్నీ సిద్ధం. పొద్దున ఐదున్నరకు తలస్నానం చేసి, మడిబట్ట కట్టుకుని, సజ్జ తీసుకుని కిందికి దిగాను.

ఒక్క పువ్వు లేదు.

గోటితో గిల్లిన కాడలు కావు, లాగిన కాడలు. ఒక మొక్క వేళ్ళతో సహా ఊడి పక్కకు పడివుంది. దాన్ని అక్కడే కూర్చుని మళ్ళీ నాటి మట్టి అదిమాను. చేతులు వణికాయి. ఆ మట్టిచేతులతోనే ఫోన్ తీసి మా గ్రూపులో రాశాను: "మళ్ళలో దొంగలు పడ్డారు. దేవుడి పూలు కూడా వదలరా?" పైకి వచ్చి, కొట్టు దగ్గర మా ఆయన తెచ్చిన బంతిపూలతో పూజ చేశాను. మంత్రాలు చదివాను, దీపాలు వెలిగించాను, కథ చెప్పుకున్నాను. ఒక్కటీ లోపలికి పోలేదు.

సాయంత్రం ఆరిళ్ళ నుంచి పసుపు కుంకుమలకు పిలుపు. వెళ్ళాను. ఇది చెప్పడానికి కష్టంగా ఉంది, అయినా చెప్పాలి. ప్రతి ఇంట్లోనూ నా చూపు ముందు తులసికోట మీదికే పోయింది. అక్కడి బంతిపూలను లెక్కపెడుతున్నాను. రంగు చూస్తున్నాను, కాడ చూస్తున్నాను. అరవై ఏడు రోజులు దగ్గరుండి పెంచినదాన్ని, నా పువ్వును ఎక్కడున్నా గుర్తుపడతాననుకున్నాను. నాలుగో ఇంట్లో ఆ అమ్మాయి నా పాదాలకు పసుపు రాస్తూ కింద కూర్చుని ఉంది. నేను ఆమె తల మీదుగా బాల్కనీలోకి చూస్తున్నాను. "ఏం చూస్తున్నారు ఆంటీ?" అంది. "కోట బాగా పెట్టావమ్మా" అన్నాను. "మా పాప అలంకరించింది ఆంటీ" అని మురిసిపోయింది. నా చేతిలో తాంబూలం పెట్టి, ఒంగి దండం పెట్టింది.

ఆరిళ్ళలోనూ బంతిపూలే. అన్నీ ఒకే నారింజ రంగు. ఏది నాదో తెలియలేదు.

రాత్రి మా ఆయనతో అంతా చెప్పాను. ఆయన కాసేపు మాట్లాడలేదు. తర్వాత అన్నారు, "పూలు పోతాన్నాయని అనంతాళ్వారు కూడా రాత్రంతా కాపలా కాసినాడు గదా. ఎవరు దొరికినారు?"

ఆ కథ మన వైపు తెలియనివాళ్ళు ఉండరు, అయినా ఒకసారి చెప్పుకుందాం. తిరుమలలో స్వామికి పూల కైంకర్యం చేయడానికి ఎవరు వెళ్తారని రామానుజాచార్యులవారు అడిగితే ముందుకొచ్చిన శిష్యుడు అనంతాళ్వారు. కొండ మీద ఆ చలిలో తోట వేశాడు, చెరువు తవ్వాడు. ఆయన గునపం ఇప్పటికీ తిరుమల మహాద్వారం గోడకు కనిపిస్తుంది. కొన్నాళ్ళకు రాత్రిపూట తోటలో పూలు పోవడం మొదలైంది. ఆయన మాటువేశాడు. చూస్తే ఒక పడుచు జంట. పట్టుకోబోతే అబ్బాయి చిక్కకుండా పరుగెత్తాడు, అమ్మాయి దొరికింది. ఆమెను చెట్టుకు కట్టేశాడు. తెల్లవారి గుడి తలుపులు తీస్తే స్వామి వక్షస్థలం మీద అమ్మవారు లేదు. అలమేలుమంగమ్మ అనంతాళ్వారు తోటలో చెట్టుకు కట్టి ఉంది. ఆయన పూలబుట్టలో అమ్మను మోసుకొచ్చి స్వామికి అప్పగించాడు. బ్రహ్మోత్సవాలు ముగిసిన మర్నాడు తిరుమలలో జరిగే భాగ్ సవారి ఉత్సవం దీని గుర్తుగానే. స్వామి ఆ రాత్రి పరుగెత్తినట్టు అప్రదక్షిణంగా ఆ తోటకు వెళ్ళివస్తాడు.

మా ఆయన ఓదార్పుగా చెప్పారు. కానీ నా పూలు కోసింది స్వామే అని నేను చెప్పుకోలేను. అది నా దుఃఖానికి నేను పూసుకునే గంధం అవుతుంది. ఆ రాత్రి నాకు ఈ కథలో వేరే చోట ముల్లు గుచ్చుకుంది. అనంతాళ్వారు పూలు పెంచింది ఎవరి కోసం? ఆ దంపతుల కోసమే. వాళ్ళే వచ్చి ఎదురుగా నిలబడితే ఆయనకు కనిపించింది మాత్రం దొంగలు. పసుపు కుంకుమలకు కూర్చున్నప్పుడు ముత్తైదువ అంటే లక్ష్మి అనే కదా మనం అనుకునేది. ఇచ్చేవారూ లక్ష్మే, పుచ్చుకునేవారూ లక్ష్మే. ఆరిళ్ళలో ఆరుగురు లక్ష్ములు నాకు ఎదురొచ్చారు. నా కాళ్ళ దగ్గర కూర్చుని పసుపు రాసిన బిడ్డను కూడా నేను అనుమానంతోనే చూశాను. పొద్దున కట్టుకున్న మడిబట్ట పక్కింటి పిల్లవాడు తగిలితే మైలపడుతుందని పక్కకు తప్పుకున్నదాన్ని, లోపలి మడి సాయంత్రం దాకా ఎన్నిసార్లు మైలపడిందో చూసుకోలేదు. గట్టు ఉండాలని అమ్మ అన్నది దీన్నేనేమో.

గీతలోనే ఇంకో చోట, మూడో అధ్యాయం 12వ శ్లోకంలో, దొంగ ఎవరో స్వామి చెప్పాడు. దేవతలు ఇచ్చినదాన్ని తిరిగి వాళ్ళకు ఇవ్వకుండా అనుభవించేవాడు "స్తేన ఏవ సః", వాడే దొంగ. వాన నాది కాదు, ఎండ నాది కాదు. విత్తనం ఎవరో రైతు కట్టింది, నీళ్ళు కావేరమ్మవి. నేను వంగి తీసిన కలుపు, ఏరిన నత్తలు నావి. పదకొండు పూలకూ నేను నా పేరు రాసుకున్నది దాని బలంతోనే. గ్రూపులో ఇంకో మాట రాశాను: "పొద్దున అలా రాయకుండా ఉండాల్సింది. మన్నించండి." ఎవరూ జవాబు ఇవ్వలేదు. మంచిదే అయింది.

కార్తీకం కడపటి సోమవారం బసవనగుడిలో కడలెకాయి పరిషెకు, అంటే వేరుశనగకాయల జాతరకు వెళ్ళాం. ఆ చుట్టుపక్కల పొలాల్లో వేరుశనగ పండేదట, ఒక ఎద్దు వచ్చి పైరంతా మేసేదట. రైతులు కర్రలు పట్టుకుని తరిమితే అది రాయై కూర్చుంది. అప్పటి నుంచి తొలి కాయ దానికే. పెద్ద బసవన్న ముందు కాయల గుట్ట పోసి దండం పెట్టుకుంటున్న ఒక ముసలాయన పక్కనే నేనూ చాలాసేపు నిలబడ్డాను.

మార్గశిరం వచ్చేసరికి మడి రూపు మారింది. బంతి అయిపోయింది. అనప మాత్రం అప్పుడే మొదలుపెట్టింది. మన పాతరకం అనప పగలు పొట్టిపడితేగానీ పూత పట్టదు. శ్రావణంలో వేసినా, ఎన్ని నీళ్ళు పోసినా, పొద్దు తగ్గేదాకా ఆకులతోనే ఉంటుంది. ధనుర్మాసంలో పొద్దున మంచు పడి 15, 16 డిగ్రీల చలి ఉన్నప్పుడు కాయ ఒలిస్తే చేతికి జిగురుగా ఒక నూనె అంటుకుంటుంది. ఆ వాసనను కన్నడంవాళ్ళు సొగడు అంటారు. సబ్బు పెట్టి కడిగినా సాయంత్రం దాకా వేళ్ళకు ఉంటుంది. తొలి కోతకు రెండు దోసిళ్ళ గింజలు వచ్చాయి. గుగ్గిళ్ళు చేసి స్వామికి నైవేద్యం పెట్టి, పసుపు రాసిన ఆ అమ్మాయి ఇంటికి ఒక గిన్నె తీసుకెళ్ళాను. పాప తలుపు తీసింది. కోట అలంకరించిన పాప. ఈసారి ఆ పిల్ల ముఖమే చూశాను. ముందుపళ్ళు రెండూ ఊడివున్నాయి.

మొన్న మళ్ళీ వెళ్ళేసరికి మూడు నాలుగు కాయలు ఎవరో కోసుకెళ్ళిన గుర్తు ఉంది. గాలికి ఒరిగిపోయిన కొమ్మ ఒకటి ఉంటే, రేపు కట్టాలి, రేపు కట్టాలి అని నేను వాయిదా వేస్తున్నది, దాన్ని ఎవరో పుల్ల గుచ్చి కొబ్బరిపీచుతో కట్టారు. గట్టిగా బిగించకుండా, కాడకు ఒత్తిడి పడకుండా, రెండు చుట్లు చుట్టి వదులుగా ముడి వేశారు. చెంబులో నీళ్ళు ఆ కొమ్మ మొదట్లో పోసి వచ్చాను.