డ్రమ్ము నిండడానికి 65 సెకన్లు

మా బోరు గొట్టం కింద 200 లీటర్ల డ్రమ్ము పెట్టి ఫోనులో స్టాప్‌వాచ్ నొక్కాను. నిండడానికి 65 సెకన్లు పట్టింది. గట్టు మీద నిలబడి చూస్తున్న తమ్ముడు "నీళ్ళు బాగానే వస్తున్నాయి కదా అక్కా" అన్నాడు. బాగా రావడమంటే ఎంత రావడమో అప్పటి దాకా మా ఇంట్లో ఎవరమూ కొలవలేదు.

మాది నెల్లూరు జిల్లా పొదలకూరు దగ్గర. నాన్నగారి కాలంలో అది నిమ్మతోట. చెట్లు వరసగా ఎండిపోయాక తమ్ముడు అయిదెకరాల్లో పామాయిల్ గెలలు కాసే ఆయిల్ పామ్ వేశాడు. తొమ్మిది మీటర్ల దూరంలో ముక్కోణపు పద్ధతిలో నాటితే ఎకరాకు 57 మొక్కలు, మొత్తం 285. ఇప్పుడు వాటి వయసు తొమ్మిదేళ్ళు. నేను ఉన్నత పాఠశాలలో భౌతిక శాస్త్రం చెప్పి పదవీ విరమణ చేశాను. శక్తి నిత్యత్వ నియమాన్ని ఎన్ని వందలసార్లు బోర్డు మీద రాశానో లెక్కలేదు. సొంత తోటలో ఆ లెక్క వేయడానికి మాత్రం ఇన్నాళ్ళు పట్టింది.

ఎదిగిన చెట్టుకు ఎండాకాలంలో రోజుకు 200 లీటర్లైనా నీరు కావాలి. 285 చెట్లకు 57,000 లీటర్లు. డ్రమ్ముకు 65 సెకన్ల లెక్కన మోటారు అయిదు గంటలకు పైగా తిరగాలి. మెకానిక్ దగ్గర టాంగ్ టెస్టర్ (తీగ చుట్టూ బిగించి కరెంటు కొలిచే పరికరం) తీసుకుని మూడు ఫేజుల్లోనూ కరెంటు చూశాను. వోల్టేజీ, పవర్ ఫ్యాక్టర్ (లాగిన కరెంటులో నిజంగా పనికొచ్చే వంతు) కలిపి లెక్కిస్తే మా మోటారు 4.4 కిలోవాట్లు లాగుతోంది. అంటే రోజుకు 22 యూనిట్లకు పైమాటే. నీటి మట్టం లోతును బట్టి చూస్తే, అందులో మూడో వంతు మాత్రమే నీటిని పైకి తేవడానికి పనికొస్తోంది. మిగతాదంతా అరిగిపోయిన పంపులో, తుప్పు పట్టిన గొట్టంలో పోతోంది.

"టీచరమ్మా, కరెంటు ఉచితమే కదా, ఎందుకీ లెక్కలు?" అని అడిగాడు మెకానిక్. మంచివాడు, పని తెలిసినవాడు. కానీ ఆ ప్రశ్న నన్ను చాలా బాధపెట్టింది. 2004 నుంచి రైతుకు బిల్లు లేదు. ఆ ఉచితం లేకపోతే మా మెట్ట పొలాల్లో ఎన్ని కుటుంబాలు వ్యవసాయం మానేసేవో నాకు తెలుసు కాబట్టి దాన్ని నేను తప్పుపట్టను. అయితే బిల్లు రాకపోయినా బొగ్గు కాలుతూనే ఉంటుంది. మన జిల్లాలోనే నేలటూరు దగ్గర శ్రీ దామోదరం సంజీవయ్య థర్మల్ కేంద్రంలో 800 మెగావాట్ల విద్యుత్ యంత్రాలు మూడున్నాయి. అటువంటి చోట ఒక్కో యూనిట్ కరెంటుకు అరకిలోకు పైగా బొగ్గు బూడిదవుతుంది.

పంపు పైకి తీయించాం. ఇసుకకు ఇంపెల్లర్లు, అంటే పంపులో తిరుగుతూ నీటిని తోసే చక్రాలు, అరిగి అంచులు పలచబడ్డాయి. ఇనుప గొట్టం లోపల పొక్కులు కట్టి సగం పూడుకుపోయింది. స్టార్టర్ పెట్టెలో కెపాసిటర్ ఉబ్బిపోతే, ఎవరో ఎప్పుడో దాని తీగలు విప్పేసి వదిలేశారు. కెపాసిటర్ విషయం ఇక్కడ కాస్త చెప్పాలి. అది లేకపోతే మోటారు తీగల నుంచి అవసరానికి మించి కరెంటు లాగుతుంది, దాంతో తీగలు, ట్రాన్స్‌ఫార్మర్ వేడెక్కుతాయి. మా ట్రాన్స్‌ఫార్మర్ మీద అయిదుగురు రైతులం ఉన్నాం. అది మే నెలలో కాలిపోతే రోజుల తరబడి ఎవరికీ నీళ్ళుండవు. నీటి ఎద్దడి తగిలితే ఆయిల్ పామ్ ఆడ పూగుత్తులకు బదులు మగ పూగుత్తులు వేస్తుంది. దాని నష్టం దాదాపు రెండేళ్ళ తరువాత గెలల లెక్కలో కనబడుతుంది. అప్పటికి కారణం ఎవరికీ గుర్తుండదు.

కొత్త ఇంపెల్లర్లు, హెచ్‌డీపీఈ ప్లాస్టిక్ గొట్టం, కెపాసిటర్, కూలి అన్నీ కలిపి 28 వేల రూపాయలైంది. మళ్ళీ డ్రమ్ము పెట్టాను. 46 సెకన్లు! అదే నీటికి ఇప్పుడు మోటారు మూడు గంటల నలభై నిమిషాలు తిరిగితే చాలు. రోజుకు 16 యూనిట్లు.

మా గెలలు తీసుకుని నూనె తీసే మిల్లు చూసి వచ్చాకే ఈ అంకెల బరువు నాకు పూర్తిగా అర్థమైంది. అక్కడ పండ్లను పిండగా మిగిలిన పీచు, గింజ పగలగొట్టిన పెంకు బాయిలర్‌లో వేస్తారు. ఆ ఆవిరి ముందు టర్బైన్‌ను తిప్పుతుంది. తరువాత తక్కువ ఒత్తిడితో బయటికి వచ్చి గెలలను ఉడికిస్తుంది. ఒక్క మంటతో కరెంటూ వేడీ రెండూ వస్తున్నాయి. ఆ గోడ పక్కన నిలబడి చాలాసేపు చూశాను. టన్ను గెలలకు మిల్లు వాడే కరెంటు సుమారు 20 యూనిట్లే, అదీ గెల నుంచే పుడుతుంది. మరి మా తోట? పూర్తిగా నీరు పెట్టే రోజులను ఏడాదికి 200గా తీసుకున్నాను. నిరుడు మాకు వచ్చింది 36 టన్నులు. టన్నుకు 120 యూనిట్లకు పైగా ఖర్చు పెట్టాం. ఇకపై దిగుబడి అంతే ఉన్నా 90కి మించదు. వానలు సమృద్ధిగా పడే మలేషియాలో ఈ లెక్క వేరు. మన దగ్గర పామాయిల్‌లో శక్తి పొదుపు అంటే మిల్లు కన్నా ముందు బోరు దగ్గర చూడాలి.

మిల్లులోనూ మనసు చివుక్కుమనే దృశ్యం ఒకటుంది. నేను చూసిన చోట వ్యర్థజలాన్ని తెరిచిన గుంటల్లోకి వదిలారు. నీటి మీద బుడగలు లేస్తున్నాయి. అందులో సగానికి పైగా మీథేన్. బరువుకు బరువు పోల్చి నూరేళ్ళ లెక్క చూస్తే కార్బన్ డయాక్సైడ్ కన్నా దాదాపు 28 రెట్లు భూమిని వేడెక్కించే వాయువు అది. గుంట మీద పట్టా కప్పి ఆ గ్యాసును ఇంజనుకు పంపితే, మిల్లు అవసరాలు తీరి ఇంకా మిగిలేటంత కరెంటు వస్తుంది. వేరే దేశాల మిల్లుల్లో ఇది ఎప్పుడో మొదలైంది. ఇక్కడ కూడా జరగాలని ఆ మేనేజరుతో గట్టిగానే చెప్పాను.

2019లో రైతుల సోలారు పంపులకు సబ్సిడీ ఇచ్చే కేంద్ర ప్రభుత్వ కుసుమ్ పథకం వచ్చినప్పటి నుంచి తమ్ముడికి సోలారు పంపు మీద ఆశ. నాకూ ఇష్టమే. మన ఎండకు అయిదు కిలోవాట్ల పలకలు రోజుకు సుమారు 20 యూనిట్లు ఇస్తాయి. పాత పంపుతో అయితే అవి చాలక చెట్లు ఎండేవి. ఇప్పుడు 16 యూనిట్లతో పని జరుగుతోంది కాబట్టి దరఖాస్తుకు కాగితాలు సిద్ధం చేస్తున్నాం.

ఈలోగా మరో పని మొదలుపెట్టాం. కొట్టిన మట్టలను కాల్చకుండా పాదుల చుట్టూ పరుస్తున్నాం. మిల్లుకు గెలలు మోసిన ట్రాక్టరు ఇన్నాళ్ళూ ఉత్తదే తిరిగి వచ్చేది. పండ్లు రాల్చిన ఖాళీ గెలలు తడిగా ఉంటాయి, సరిగా మండవు. కానీ వాటిలో పొటాషియం ఎక్కువ, తేమను బాగా పట్టి ఉంచుతాయి. మాకివ్వమని అడిగితే ఒప్పుకున్నారు. మొదటి లోడు మొన్న గురువారం వచ్చింది. ఇరవై చెట్ల పాదులకు సరిపోయింది. ఆ ఇరవై చెట్లకు ఎర్ర రిబ్బను కట్టాను. మే నెలలో వాటి కింద మట్టిని పిడికిట పట్టి చూడాలి.