నాగావళిలో ళ

ఆస్పత్రిలో రోజూ పొద్దున, సాయంత్రం నర్సు ఒక నోటుపుస్తకం, పెన్ను తెచ్చి ఇచ్చేది. అందులో ఒక వాక్యం రాయాలి. ఏ పూటైనా అదే వాక్యం. "మీ భాషలోనే రాయండి" అన్నారు డాక్టరు. "నాగావళి ఒడ్డున మా ఇల్లు" అని రాశాను. శ్రీకాకుళంలో ముప్పై ఏళ్లుగా తెలుగు చెబుతున్నాను. అంతమంది పిల్లల దస్తూరీ దిద్దిన చేతికి ఆ నాలుగు మాటలే పరీక్ష అవుతాయని అనుకోలేదు.

2023 సంక్రాంతికి మెడ పక్కన గడ్డ కనబడింది. మొదట చూపించుకున్నచోట ముక్క తీసి పరీక్ష చేయకుండానే టీబీ అని మందులు మొదలుపెట్టారు. రెండు నెలలు మింగాను. గడ్డ నిమ్మకాయంత అయింది. రాత్రిళ్లు చెమటకి జాకెట్టు తడిసి ముద్దయ్యేది. ఆ రెండు నెలలు తలచుకుంటే ఇప్పటికీ కోపం వస్తుంది. విశాఖలో బయాప్సీ చేస్తే తేలింది, డిఫ్యూజ్ లార్జ్ బీ సెల్ లింఫోమా అని. తెల్ల రక్తకణాల్లో ఒక రకమైన బీ కణాలకి వచ్చే క్యాన్సర్, త్వరగా పెరిగే రకం. 21 రోజులకొకటి చొప్పున ఆరు ఆర్-చాప్ కీమోలు చేశారు. తగ్గింది. నాలుగు నెలలకే మళ్లీ వచ్చింది, రెండో రకం కీమోకి లొంగలేదు.

అప్పుడు కార్-టీ మాట విన్నాం. మన రక్తంలోంచి, రోగాలతో పోరాడే టీ కణాలు తీసి, హాని చేయకుండా మార్చిన వైరస్ సాయంతో వాటిలోకి కొత్త జన్యువు పంపుతారు. దాంతో బీ కణాల మీద ఉండే సీడీ19 అనే ప్రోటీన్‌ని పట్టుకునే కొక్కెం లాంటిది వాటికి వస్తుంది. వాటిని పెంచి మళ్లీ మనకే ఎక్కిస్తారు. పట్టుకున్న కణాన్ని అవి చంపేస్తాయి. ఐఐటీ బాంబే, టాటా మెమోరియల్ ఆస్పత్రి వాళ్ల కృషితో తయారైన నెక్స్‌కార్19 అనే కార్-టీ వైద్యానికి 2023 అక్టోబరులో మన దేశంలో అనుమతి వచ్చింది. అమెరికాలో 3 కోట్లు దాటే వైద్యం ఇక్కడ 30, 40 లక్షల్లో అవుతుందన్నారు. మాకు అదీ కొండే. పొలం అమ్మాం. తమ్ముడు, తోటి టీచర్లు తలో చెయ్యీ వేశారు.

ముంబై వెళ్లడానికి ఆమదాలవలసలో కోణార్క్ రైలు ఎక్కేటప్పుడు అమ్మ చెయ్యి పట్టుకుని, "నీ రగతమే నీకు మందంట కదేటి, ఇంక బయమేటమ్మా" అంది. ఎవరూ నాకు ఇంత బాగా చెప్పలేదు.

ముంబైలో కణాలు తీసుకున్నారు. అవి తయారయ్యేదాకా అద్దెగదిలో రోజులు లెక్కపెట్టాం. తర్వాత మూడు రోజులు కీమో ఇచ్చి, చిన్న సంచిలో నా కణాలు నాకు ఎక్కించారు. అరగంట కూడా పట్టలేదు.

మూడో రోజు 103 జ్వరం. బీపీ పడిపోయింది. కణాలు పోరాడుతున్నప్పుడు ఇలా అవుతుందని చెప్పి టోసిలిజుమాబ్ ఇచ్చారు. అది కీళ్లవాతం మందు. 2012లో అమెరికాలో ఎమిలీ వైట్‌హెడ్ అనే చిన్నపిల్లకి ఈ కార్-టీ చేసినప్పుడు ప్రాణం మీదికొస్తే, ఆ మందే నిలబెట్టిందట. ఆ పసిదానికి మనసులోనే దండం పెట్టుకున్నాను.

ఐదో రోజు పొద్దున పెన్ను పట్టుకున్నాను. "నాగావ" దాకా రాశాను. ళ ఎలా తిప్పాలో చేతికి గుర్తు రాలేదు. అక్షరం కళ్లముందు ఉంది, చెయ్యి కదలదు. నూరు నుంచి పదేసి తగ్గిస్తూ లెక్కపెట్టమన్నారు. ఎనభై తర్వాత మళ్లీ ఎనభై అన్నానట. మా ఆయన గోడవైపు తిరిగి నిలబడ్డారు. ఈ వైద్యంలో కొందరికి మెదడు మీద కూడా ప్రభావం పడుతుందట, అది వెంటనే పట్టుకోవడానికే రోజూ ఆ వాక్యం. వెంటనే స్టెరాయిడ్లు మొదలుపెట్టారు. ఏడో రోజుకి వాక్యం మొత్తం వచ్చింది, వంకరగా.

నెల తర్వాత పెట్ స్కాన్‌లో జబ్బు కనబడలేదు. మంచి బీ కణాలు కూడా పోయాయి కాబట్టి ఇన్ఫెక్షన్లు రాకుండా అప్పుడప్పుడు ఇమ్యునోగ్లోబులిన్ ఎక్కించుకుంటున్నాను. స్కాన్ తేదీ దగ్గరపడితే ఇంట్లో అందరికీ టెన్షనే.

ఆ నోటుపుస్తకం అడిగి తెచ్చుకున్నాను. ఇప్పటికీ పొద్దున టీ తాగాక అదే వాక్యం ఒకసారి రాస్తాను. ముందు ళ చూసుకుంటాను.